ఏడు నిమిషాల పందెం, ఏడాదంతా నిదానం

ఒలింపిక్స్‌లో రోయింగ్ పందెం 2,000 మీటర్లు. ఎనిమిది మంది కూర్చునే పెద్ద పడవ గాలి కలిసొస్తే అయిదున్నర నిమిషాల్లోపే గీత దాటుతుంది. ఒక్కరే నడిపే సింగిల్ స్కల్‌లో మేటి మగవాళ్ళకి ఆరున్నర నిమిషాల పైన, ఆడవాళ్ళకి ఏడు దాటి పడుతుంది. ఆ కాస్తలోనే రెండొందల ఇరవై, రెండొందల నలభై సార్లు తెడ్లు వెయ్యాలి. గీత దాటగానే చాలామంది పడవలోనే వెనక్కి వాలిపోతారు, నోట మాట రాదు. 2016లో రియోలో జరిగిన సింగిల్ స్కల్ ఫైనల్లో న్యూజిలాండ్ రోయర్ మాహే డ్రైస్‌డేల్‌కీ, చెక్ రోయర్ ఓండ్రెయ్ సినెక్‌కీ గడియారం చూపించింది ఒకటే అంకె: 6 నిమిషాల 41.34 సెకన్లు. స్వర్ణం డ్రైస్‌డేల్‌దని ఫొటో చూసి తేల్చారు.

ఇలాంటి పందేనికి తయారయ్యేవాళ్ళు రోజూ ఊపిరి ఆగిపోయేలా తెడ్లు వేస్తుంటారని అనుకుంటాం. కానీ పేరున్న రోయర్ల సాధన డైరీ తిరగేస్తే పేజీలకు పేజీలు నిదానమే కనిపిస్తుంది. గంట, గంటన్నర పాటు నిమిషానికి పద్దెనిమిది నుంచి ఇరవై స్ట్రోకులు, అంతే. పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడుతూ వెయ్యగలిగేంత తాపీ. పందెంలో అదే మనిషి నిమిషానికి ముప్ఫయ్యారు, ముప్ఫయ్యెనిమిది వేస్తాడు.

దీనికి కారణం శక్తి లెక్కలో ఉంది. పందెం మొదలైన కొద్ది సెకన్లూ కండరంలో అప్పటికే సిద్ధంగా ఉన్న నిల్వలతో గడుస్తాయి. ఆ తర్వాత కండరంలో దాచుకున్న చక్కెర నిల్వను, అంటే గ్లైకోజెన్‌ను, ఆక్సిజన్ లేకుండానే విడగొట్టే దారి తెరుచుకుంటుంది. ఈ రెండూ చాలా చురుకైనవే గానీ త్వరగా చేతులెత్తేస్తాయి. గుండె, ఊపిరితిత్తులు పూర్తిగా అందుకున్నాక మిగతా దూరమంతా ఆక్సిజన్ బలం మీదే సాగాలి. మొత్తం 2,000 మీటర్లకు పెట్టే శక్తిలో సుమారు నాలుగింట మూడు వంతులు ఇలా వచ్చేదే. ఆక్సిజన్ వాడుకునే యంత్రాంగాన్ని పెంచేది నిదానంగా, ఎక్కువసేపు సాగే సాధన. కండరంలో మైటోకాండ్రియాలు పెరుగుతాయి, వాటిని చుట్టుకునే కేశనాళికలు చిక్కబడతాయి, గుండె ఒక్కో స్పందనకు ఎక్కువ రక్తం పంపడం నేర్చుకుంటుంది. కొవ్వును ఇంధనంగా వాడే అలవాటు బలపడి, గ్లైకోజెన్ ఆదా అవుతుంది.

ఈ సంగతి అంకెల్లో బాగా కనిపించేది నార్వేలో. 1970 నుంచి 2001 వరకు అంతర్జాతీయ పతకాలు గెలిచిన నార్వే రోయర్ల శిక్షణ వివరాలను పరిశోధకులు ఓకే ఫిస్కర్‌స్ట్రాండ్, స్టీఫెన్ సైలర్ సేకరించి 2004లో ప్రచురించారు. ఆ మూడు దశాబ్దాల్లో ఏడాది సాధన 924 గంటల నుంచి 1,128 గంటలకు పెరిగింది. అది పెద్ద వింత కాదు. అసలు మార్పు లోపల జరిగింది. తక్కువ తీవ్రతతో చేసే సాధన నెలకు 30 గంటల నుంచి 50 గంటలకు పెరిగితే, పందెం వేగంతోనో అంతకు మించో చేసేది 23 గంటల నుంచి 7 గంటలకు పడిపోయింది. అదే కాలంలో వాళ్ళు నిమిషానికి గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్ 5.8 లీటర్ల నుంచి 6.5 లీటర్లకు చేరింది. ఆరోగ్యంగా ఉన్న మామూలు యువకుడికి ఇది మూడు, మూడున్నర లీటర్ల దగ్గర ఉంటుంది. పెరుగుదలంతా నిదానం చలవేనని ఈ ఒక్క అధ్యయనంతో తేల్చలేం. అదే కాలంలో ఎత్తయిన ప్రదేశాల్లో శిబిరాలు ఎక్కువయ్యాయి, మొత్తం గంటలూ పెరిగాయి. అయినా కఠిన సాధనను మూడో వంతుకు కోసేసినా మనుషులు బలహీనపడలేదన్నది గట్టి సాక్ష్యమే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు సాధారణంగా దీనికి ఎదురు పోతారు. నిదానంగా వెయ్యాల్సిన రోజున ఓ మోస్తరు గట్టిగా వేస్తారు, గట్టిగా వెయ్యాల్సిన రోజున అలసిపోయి మోస్తరుగానే వేస్తారు. రోజూ చెమట పడుతుంది కాబట్టి తృప్తి ఉంటుంది, ఆరు నెలలైనా టైమింగ్ మాత్రం కదలదు. దీనికి మందు, కండరం గట్టిగా పనిచేసేకొద్దీ రక్తంలో పెరిగే లాక్టేట్‌ను కొలవడం. జాతీయ జట్లలో చెవితమ్మె నుంచి ఒక చుక్క రక్తం తీసి చూస్తారు. నిదానపు సాధన అంటే లీటరుకు సుమారు 2 మిల్లీమోల్స్ లోపు ఉండాలి. ఆ హద్దు లోపల చేసినంతవరకు నాడీవ్యవస్థ త్వరగా సర్దుకుంటుంది, మర్నాడు మళ్ళీ చెయ్యొచ్చు. పరికరం లేనివాళ్ళకి మాట్లాడి చూసుకోవడమే పరీక్ష: వాక్యం మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వస్తే వేగం ఎక్కువైనట్టే. అన్నట్టు, లాక్టేట్ విషమనీ, మర్నాటి ఒళ్ళునొప్పులు దానివల్లేననీ ఇంకా చాలా జిమ్ముల్లో చెబుతున్నారు. నిజానికి సాధన ఆపాక గంటా గంటన్నరలో అది రక్తంలోంచి దాదాపు తొలగిపోతుంది. పైగా గుండె, ఇతర కండరాలు దాన్ని ఇంధనంగా వాడుకుంటాయి కూడా.

నిదానానికి ఇంకో ఉపయోగం ఉంది. నాకు మొదటిదానికంటే ఇదే ఆసక్తిగా అనిపిస్తుంది. పనితనం నేర్చుకునేది అప్పుడే.

రోయర్ వెళ్ళే దిక్కుకు వీపు పెట్టి, చక్రాల మీద జారే సీటులో కూర్చుంటాడు. పాదాలు పడవకు బిగించిన పలక మీద కట్టేసి ఉంటాయి. మోకాళ్ళు ముడిచి ముందుకు జారి బ్లేడ్‌ను నీళ్ళలో దించడం క్యాచ్. అక్కడి నుంచి కాళ్ళతో తన్ని, నడుము తెరిచి, చివర్లో చేతులు లాగడం డ్రైవ్. బలంలో పెద్ద వాటా కాళ్ళదే. బ్లేడ్‌ను పైకి తీసి, నీటికి సమాంతరంగా పడుకోబెట్టి, మళ్ళీ ముందుకు జారడం రికవరీ. నిమిషానికి ఇరవై స్ట్రోకుల లెక్కన ఒక్కోదానికి మూడు సెకన్లు. అందులో డ్రైవ్ సుమారు ఒక సెకను, మిగతా రెండూ రికవరీకే.

ఇప్పుడో తమాషా. పడవ మహా వేగంగా పోయేది తెడ్లు నీళ్ళలో ఉన్నప్పుడు కాదు, గాలిలో ఉన్నప్పుడు. సింగిల్ స్కల్ కనీస బరువు 14 కిలోలు, అందులో కూర్చునే మనిషి తొంభై కిలోలు. ఆ తొంభై కిలోలు పడవ వెనక కొస వైపు జారుతుంటే, కింద ఉన్న తేలికపాటి పడవ ముందుకు దూసుకుపోతుంది. క్యాచ్ దగ్గర ఇది తిరగబడుతుంది. ఆ జారుడు ఆపడానికి కాళ్ళు పలకను తన్నాలి, రేవులో ఒడ్డు మీదికి దూకేవాడి కాలి కింద పడవ వెనక్కి జరిగినట్టు ఇక్కడా వేగం పడిపోతుంది. బ్లేడ్ నీటిని పట్టీ పట్టగానే వేగం అట్టడుగున ఉంటుంది. తొందరపడి ధన్‌మని ముందుకు జారితే ఆ తన్ను మరింత గట్టిగా పడుతుంది. కండలున్న కొత్తవాడు సన్నటి పాతకాపు చేతిలో ఓడేది చాలాసార్లు ఇక్కడే.

అందుకే కోచ్‌లు ఒక స్ట్రోకును ముక్కలు చేసి నేర్పుతారు. పిక్ డ్రిల్‌లో ముందు చేతులతోనే, ఆ తర్వాత నడుము కలిపి, చివరికి సగం సీటు, పూర్తి సీటు వాడుతూ వేస్తారు. పాజ్ డ్రిల్‌లో చేతులు మోకాళ్ళు దాటగానే ఒక క్షణం ఆగాలి. ఆ క్షణంలో పడవ ఒక పక్కకి ఒరిగితే చేతుల ఎత్తు తప్పిందని వెంటనే తెలిసిపోతుంది. ఇంకొకరు చెప్పక్కర్లేదు. నిమిషానికి ముప్ఫయ్యారు స్ట్రోకుల వేగంలో ఇవేవీ గమనించే తీరిక ఉండదు, ఉన్న తప్పే అలవాటై కూర్చుంటుంది.

హైదరాబాద్, విశాఖ జిమ్ముల్లో రోయింగ్ మెషీన్ ఎక్కినవాళ్ళకి ఇందులో సగం వర్తిస్తుంది. చాలామంది ఎక్కగానే పక్కనున్న డ్యాంపర్‌ను పదికి తోసేస్తారు, ఎంత బరువుగా ఉంటే అంత మేలని. అది కష్టాన్ని కొలిచే మీట కాదు, ఫ్యాన్‌లోకి ఎంత గాలి పోవాలో చెప్పేది మాత్రమే. పదిలో పెడితే మొద్దు పడవ లాగినట్టుంటుంది, నడుం నొప్పి అదనం. మూడు, అయిదు మధ్య పెట్టుకుంటే చాలు. మెషీన్ ఒక చేదు నిజం కూడా చెబుతుంది. 500 మీటర్లు రెండు నిమిషాల్లో లాగాలంటే 203 వాట్లు కావాలి, నిమిషం యాభైలో లాగాలంటే 263. పది సెకన్లు తగ్గించడానికి బలం దాదాపు ముప్ఫయి శాతం పెరగాలన్నమాట. నీటిలో వేగం పెరిగేకొద్దీ కావలసిన బలం వేగం ఘనంతో పెరుగుతుంది, మెషీన్ సూత్రాన్నీ అలాగే రాశారు. పంతం పట్టి ఒక వారంలో దిగే పది సెకన్లు కావివి.

కఠిన సాధన అసలు వద్దని కాదు. వారానికి ఒకటి రెండు రోజులు, 500 మీటర్ల చొప్పున ఎనిమిది సార్లో, నాలుగు నిమిషాల చొప్పున నాలుగు సార్లో, మధ్యలో తగినంత విరామంతో ఒళ్ళు దాచుకోకుండా లాగాలి. గరిష్ఠ ఆక్సిజన్ స్థాయికి పదును పెట్టేది అదే. ఆ మర్నాడు మళ్ళీ నిదానం, లేదా పూర్తి సెలవు.

సెలవు రోజు విషయంలో రోయర్లకు ఒక ప్రమాదం ఉంది. మెట్లు దిగేటప్పుడు, పరుగెత్తేటప్పుడు కండరం సాగుతూ బరువు మోస్తుంది. ఒళ్ళునొప్పులు ఎక్కువగా దానివల్లే. తెడ్డు వేసేటప్పుడు కండరం ముడుచుకుంటూనే పనిచేస్తుంది కాబట్టి నొప్పి పెద్దగా తెలియదు. నొప్పి లేదు గదా అని ఇంకా లాగుతారు. అలుపు మాత్రం లోపల పేరుకుంటూనే ఉంటుంది. చివరికి అది నడుము దగ్గరో, పక్కటెముకలో సన్నటి చీలికగానో బయటపడుతుంది. పక్కటెముక చీలితే కొన్ని వారాలు పడవ ఎక్కడానికి లేదు. అందుకే పొద్దున లేవగానే నాడి చూసుకునే అలవాటు మంచిది. రోజూ యాభై అయిదుండేది కారణం లేకుండా అరవై మూడైతే ఆ రోజు పందెం వేగం మాట మరిచిపోవాలి. ఖాళీ అయిన గ్లైకోజెన్ నిండడానికి దాదాపు ఒక రోజు పడుతుంది, అదీ సరిగ్గా తింటేనే. మన పళ్ళెంలో దీనికి లోటు లేదు, అన్నం ఆ పని బాగానే చేస్తుంది. లోటల్లా పప్పు, గుడ్డు, పెరుగు దగ్గర.

2018 ఏషియన్ గేమ్స్‌లో, పాలెంబాంగ్‌లో జరిగిన రోయింగ్‌లో, దత్తు భోకనాల్ సింగిల్ స్కల్ ఫైనల్లో జ్వరంతో కుప్పకూలి, మర్నాడే జట్టుతో కలిసి నలుగురు నడిపే క్వాడ్రపుల్ స్కల్స్‌లో స్వర్ణం గెలిచాడు. నాసిక్ జిల్లాలో నీళ్ళకి కటకటలాడే ఊళ్ళో పుట్టి, సైన్యంలో చేరాక తెడ్డు పట్టిన మనిషి అతను. ఆ తెగువకు దణ్ణం పెట్టాల్సిందే, కానీ దాన్ని సాధన పాఠంగా తీసుకోకూడదు. వైరల్ జ్వరంలో గట్టి వ్యాయామం చేస్తే గుండె కండరానికి వాపు వచ్చే ముప్పుంది.

పెద్ద పందేనికి ముందు రెండు వారాలు సాధనను సగానికి దగ్గరగా తగ్గిస్తారు, తీవ్రతను మాత్రం తగ్గించరు. తగ్గించాక మొదటి నాలుగైదు రోజులు ఒళ్ళు బరువుగా అనిపించి చాలామంది కంగారుపడతారు, రహస్యంగా అదనపు కిలోమీటర్లు వేసేవాళ్ళూ ఉంటారు. ఇక రాబోయే పెద్ద పందెం సంగతి: 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో లాంగ్ బీచ్ దగ్గర పందెం 2,000 కాదు, 1,500 మీటర్లే. ఆక్సిజన్ లేకుండా వచ్చే శక్తి వాటా కాస్త పెరుగుతుంది కాబట్టి నార్వే లెక్కలో కఠిన సాధనకు మిగిలిన ఆ నెలకు 7 గంటలను కొంచెం పెంచాలా వద్దా అన్నది ఇప్పుడు కోచ్‌ల ముందున్న ప్రశ్న. నిదానపు 50 గంటల జోలికి వెళ్ళడానికి మాత్రం పెద్ద కారణం కనబడదు. పందెం అయిదు నిమిషాలకు కుదించుకున్నా అందులో ఎక్కువ పాలు ఆక్సిజన్‌దే.