వదిలేస్తే తిరిగిరాని క్షణం

సాయంత్రం కార్యాలయాలు విడిచే వేళ గచ్చిబౌలి దారిలో బారులు తీరే వాహనాలను మనలో చాలామందిమి చూసే ఉంటాం. ఆ అద్దాల భవనాల్లో మన ఇళ్ల పిల్లలూ పనిచేస్తున్నారు. అదే గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఒక పరిశోధక బృందం ప్రోటాన్ల తాకిడిని పరిశీలించే ప్రపంచస్థాయి ప్రయోగంలో పాలుపంచుకుంటోంది. ఈ సంగతి మనకు అంతగా తెలియదు.

ప్రతి పరమాణువు కేంద్రకంలోనూ ప్రోటాన్ ఉంటుంది. మనం తాగే నీటిలో, తినే అన్నంలో, మన దేహంలో ఉన్నది అదే. దాని లోపల క్వార్కులు, వాటిని బంధించి ఉంచే గ్లుయాన్లు ఉంటాయి. స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ సరిహద్దున భూగర్భంలో 27 కిలోమీటర్ల వలయాకార సొరంగం ఉంది. అక్కడ సెర్న్ సంస్థ ప్రోటాన్లను దాదాపు కాంతివేగంతో ఎదురెదురుగా పంపి ఢీకొట్టిస్తుంది. ఆ తాకిడిని నమోదు చేసే పరికరాల్లో 14,000 టన్నుల సీఎంఎస్ ఒకటి. 2012 జూలై 4న హిగ్స్ కణం జాడను ప్రకటించిన రెండు ప్రయోగాల్లో ఇదీ ఉంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ప్రోటాన్ గుంపులు సెకనుకు 4 కోట్ల సార్లు ఎదురవుతాయి. అన్నిటినీ భద్రపరచడం అసాధ్యం. అందుచేత ‘ట్రిగర్’ అనే వ్యవస్థ తొలి అంచెలోనే సెకనుకు సుమారు లక్ష ఘటనలను మాత్రమే నిలిపి, తక్కినవాటిని వదిలేస్తుంది. సెకనును పది లక్షల భాగాలు చేస్తే, అందులో నాలుగు భాగాలలోపే ఈ నిర్ణయం జరగాలి. వదిలిన ఘటన మళ్లీ దొరకదు. అందులో కృష్ణ పదార్థపు ఆనవాలు ఉన్నా అది పోయినట్లే.

ఇంత వేగంగా మనిషి తీర్పు చెప్పలేడు. తయారైన తరువాత కూడా లోపలి వలయాలను మార్చుకోగల ఎఫ్‌పీజీఏ చిప్‌లు ఆ పని చేస్తాయి. వేటిని నిలపాలో వాటికి ముందుగా నేర్పేది మనుషులే. విశ్వవిద్యాలయంలోని ఎలక్ట్రానిక్స్ అధ్యయన కేంద్రం ‘కాసెస్ట్’లో అధ్యాపకురాలు భావనా గోంబర్, ఆమె విద్యార్థులు ఈ ట్రిగర్ పనిలో పాల్గొంటున్నారు. రానున్న దశలో తాకిళ్లు మరింత పెరుగుతాయి. అప్పుడు తొలి అంచె సెకనుకు 7.5 లక్షల ఘటనలను నిలపవలసి ఉంటుంది.

“దీనివల్ల మనకేమిటి లాభం?” అని పెద్దలు అడగవచ్చు. 1989లో శాస్త్రవేత్తలు సమాచారం పంచుకోవడానికి ఇదే సెర్న్‌లో రూపొందిన ఆలోచనే ‘వరల్డ్ వైడ్ వెబ్’. సైబర్ టవర్స్ ప్రారంభమైంది 1998లో. నేడు ఆ దారిలోని ఎన్నో కొలువులు వెబ్ మీద ఆధారపడినవే.

మన ఇంట అమ్మాయో అబ్బాయో భౌతికశాస్త్రం చదువుతానంటే మొదట జీతం సంగతే అడుగుతాం. ఆ ప్రశ్న తప్పు కాదు. అయితే దానితోనే మాట ముగించవద్దు. నీకు ఏం తెలుసుకోవాలని ఉందని కూడా అడుగుదాం. ఆ జవాబును ఓపికగా విందాం.