మా గుట్ట మీది ఊరు - హిల్ కాలనీ



ఈసారి గోడ పత్రికకు "మా ఊరు" గురించి రాయమన్నారు. మా తండా చిన్నది, రాస్తే నాలుగు లైన్లలో అయిపోతుంది. అందుకని మా తండాకు పట్నం లాంటి హిల్ కాలనీ గురించి రాస్తున్నాను. అది ఎట్లా పుట్టింది, ఎట్లా మారింది అనేది మా దాది చెప్పినది, సోషల్ పాఠంలో చదివినది కలిపి వివరిస్తాను. దాది అంటే మా భాషలో నాన్నకు అమ్మ.

హిల్ కాలనీ నల్లగొండ జిల్లాలో నాగార్జునసాగర్ డ్యాం దగ్గర గుట్ట మీద ఉంటుంది. దాది పుట్టినప్పుడు అక్కడ ఊరే లేదంట. గుట్టలు, సీతాఫలం చెట్లు, కింద కృష్ణా నది. 1955 డిసెంబరు 10న అప్పటి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ గారు డ్యాంకు శంకుస్థాపన చేసినారు. ఇంజనీర్లు, మేస్త్రీలు, పనివాళ్ళు ఉండాలి గదా, వాళ్ళ కోసం ఇండ్లు కట్టినారు. పైలాన్ ఉన్న చోటు పైలాన్ కాలనీ అయింది, గుట్ట మీదిది హిల్ కాలనీ అయింది. నది అవతలి ఒడ్డున ఉన్నది విజయపురి సౌత్.

ఈ డ్యాం రాతి కట్టడం. ఎత్తు సుమారు 124 మీటర్లు, గేట్లు 26. రాళ్ళు మోసే పనికి ఎక్కడెక్కడి నుంచో వేలమంది కూలీలు వచ్చినారు. మా దాది వాళ్ళ అమ్మానాయన కూడా మోసినారు. దాది అప్పుడు చిన్నపిల్ల. వాళ్ళకు సద్ది పట్టుకొని పోయేదంట. రాత్రి గుట్ట మీద కరెంటు బుగ్గలు వెలిగితే చుక్కలు కిందికి దిగినాయి అనుకున్నదంట! మా తండాలో అప్పుడు కిరసనాయిలు బుడ్డి కూడా అందరికీ లేదు.

ఇంకొక సంగతి. డ్యాం వెనుక లోయలో పూర్వం విజయపురి అనే పట్టణం ఉండేది. అది 3, 4 శతాబ్దాలలో ఇక్ష్వాకు రాజులకు రాజధాని. నీళ్ళలో మునిగిపోతుందని 1954 నుంచి 1960 వరకు అక్కడ తవ్వకాలు జరిపినారు. దొరికిన శిల్పాలను నాగార్జునకొండ పైకి చేర్చి 1966లో మ్యూజియం పెట్టినారు. నీళ్ళు నిండినాక ఆ కొండ దీవి అయిపోయింది. ఇప్పుడు లాంచీ ఎక్కి పోవాలి. ఒక పట్టణం నీళ్ళ కిందికి పోయింది, ఒక పట్టణం గుట్ట మీదికి వచ్చింది.

1967 ఆగస్టు 4న ప్రధాని ఇందిరాగాంధీ గారు కాలువలకు నీళ్ళు వదిలినారు. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలను తడుపుకుంటూ ఖమ్మం వైపు పోతుంది. మన చిలుకూరు పొలాల వరికి ఆ నీళ్ళే ఆధారం.

డ్యాం పని అయిపోయినాక కూలీలు తట్టాబుట్టా సర్దుకొని పోయినారు. తరువాత ఉద్యోగులూ తగ్గినారు. దాది గంప నెత్తిన పెట్టుకొని క్వార్టర్ల ముందర సీతాఫలాలు అమ్మేది. "పేరు పెట్టి పిలిచేటోళ్ళు బిడ్డా" అని ఇప్పటికీ చెప్తుంది. నేను పోయిన దసరాకు దాదితో పోతే ఆ వరుసలో చాలా ఇండ్లకు తాళాలు ఉన్నాయి. గోడల మీద రావిమొక్కలు మొలిచినాయి. దాది ఒక తలుపు ముందర చాలాసేపు నిలబడ్డది. ఏమీ మాట్లాడలేదు.

మరి ఊరు చచ్చిపోయిందా? లేదు, మారింది. 2018లో నందికొండ మున్సిపాలిటీ వచ్చింది. 2022 మే 14న 274 ఎకరాల బుద్ధవనం ప్రారంభించారు. గేట్లు ఎత్తితే కార్లు బారులు కడతాయి, అందరూ సెల్‌ఫోన్లలో ఫోటోలు తీసుకుంటారు. కూల్‌డ్రింకులు, మొక్కజొన్న కంకులు అమ్మేవాళ్ళకు ఆ రోజుల్లో గిరాకీ. కాని వచ్చినోళ్ళు సాయంత్రానికి వెళ్ళిపోతారు. పేరు పెట్టి పిలిచేటోళ్ళు లేరు.

ఇప్పుడు అసలు విషయం. సాగర్ పక్కనే ఉన్న మా తండాకు సాగు నీళ్ళు ఎందుకు రావు? "నీరు పల్లమెరుగు" అని సామెత ఉంది. కాలువ వాలు మీద పారుతుంది. కాలువ కంటే ఎత్తులో ఉన్న భూమికి తనంతట తాను ఎక్కదు. మోటార్లతో ఎత్తిపోయాలి. దూరంగా ఉన్నా చిలుకూరు పల్లం, దగ్గరగా ఉన్నా మా తండా మెరక. 2021 ఫిబ్రవరి 10న నెల్లికల్లులో ఎత్తిపోతల పథకాలకు శంకుస్థాపన చేసినారు. ఆ రోజు దాది కూడా పోయింది. డ్యాం నీళ్ళు వదిలిన 54 ఏండ్లకు ఆ శంకుస్థాపన!

పోయిన ఏడు నాట్లప్పుడు మా యాడి, అంటే అమ్మ, కూలీల గుంపుతో ట్రాలీ ఆటోలో ఇటువైపే వచ్చింది. ఆదివారం నన్ను చూడటానికి హాస్టలు గేటు దగ్గరికి వచ్చింది. గోళ్ళ సందుల్లో బురద ఉంది. "ఈ నీళ్ళు మన సాగర్‌వే గదా యాడీ" అన్నాను. "అవును, నీళ్ళ ఎనకనే నేనూ వచ్చిన" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

కావున స్నేహితులారా, అభివృద్ధి వద్దని నేను అనను. డ్యాం లేకపోతే ఇక్కడ ఇంత వరి పండదు. రోడ్డు, బస్సు, చదువు లేకపోతే నేను తొమ్మిదో తరగతి దాకా వచ్చేదాన్ని కాదు. మా ఇంట్లో పేరు రాయడం వచ్చిన మొదటి మనిషిని నేనే. కాని రాళ్ళు మోసినోళ్ళ చేను కూడా తడిసినప్పుడే ఆ పని పూర్తయినట్టు లెక్క. పెద్దయితే ఎత్తిపోతల ఇంజనీరు కావాలని ఉంది. లెక్కల్లో మార్కులు తక్కువ వస్తున్నాయి, కష్టపడుతున్నాను.

కింద నేను గీసిన పటం చూడండి. నీలం గీత కాలువ, ఎర్ర చుక్క మన హాస్టలు, గుట్ట పక్కన చిన్న పచ్చ చుక్క మా తండా. తప్పులు ఉంటే మన్నించి, పెన్సిలుతో దిద్దగలరు.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
9వ తరగతి