తప్పని తెలిసీ వేసే ఎత్తు

కంప్యూటరు నాలుగు గడుల్లో రంగులు దాచింది. ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ, నారింజ, ఊదా అనే ఆరింటిలో ఏవైనా కావచ్చు, ఒకే రంగు మళ్లీ రావచ్చు కూడా. మీరొక వరుస పేర్చి చూపితే, సరైన గడిలో పడిన ప్రతి రంగుకూ ఒక నల్లచుక్క, రంగు సరైనదే అయినా గడి తప్పితే తెల్లచుక్క ఇస్తుంది. ఏ చుక్క ఏ గడికి చెందిందో మాత్రం చెప్పదు. 1970లో ఇజ్రాయెల్‌కు చెందిన మొర్దెకాయ్ మెయిరోవిట్జ్ రూపొందించిన ‘మాస్టర్‌మైండ్’ ఆట ఇదే. అప్పట్లో ప్లాస్టిక్ పలక మీద ఆడేవారు.

దాచగల వరుసలు 6×6×6×6, అంటే 1296. మొదటి ఎత్తు ఏం వేస్తారు? ఏది వేసినా అదే జవాబయ్యే అవకాశం 1296లో ఒక్కటే. కాబట్టి చూడవలసింది అదృష్టాన్ని కాదు, ఎంత చెడ్డ సమాధానం వచ్చినా మిగిలే వరుసలెన్ని అన్నది. నాలుగు గడుల్లోనూ ఎరుపే పెట్టారనుకోండి. ఒక్క చుక్కా రాకపోతే ఇంకా 5×5×5×5, అంటే 625 మిగిలిపోతాయి. నాలుగు వేర్వేరు రంగులు పెడితే అత్యధికంగా 312. ఎరుపు, ఎరుపు, నీలం, నీలం అని పెడితే 256కు మించవు.

అమెరికన్ కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు డోనాల్డ్ నూత్ 1976-77లో ప్రచురించిన వ్యాసంలో ఈ ఎత్తుతోనే మొదలుపెట్టి, ఏ వరుసనైనా ఐదు ఎత్తుల్లోపు పట్టవచ్చని చూపాడు. ప్రతిసారీ 1296 వరుసలనూ తూచి చూడడం కంప్యూటరుకు తేలికే గాని మన తలకు కాదు. అయినా ఆయన పద్ధతిలోని ఒక విచిత్రాన్ని మనమూ వాడుకోవచ్చు. కొన్నిసార్లు జవాబు కానే కాదని తెలిసిన వరుసే అన్నిటికన్నా మంచి ఎత్తు!

మొదటి మూడు గడులు ఎరుపు, నీలం, నారింజ అని తేలిపోయాయనుకోండి. నాలుగోది పసుపో, ఆకుపచ్చో, ఊదానో తెలియదు. ఒక్కొక్కటే ప్రయత్నిస్తే మూడు ఎత్తులూ పట్టవచ్చు. దానికి బదులు ఆకుపచ్చ, నీలం, నారింజ, పసుపు అని వేయండి. మొదటి గడి ఎరుపు కనుక ఇది తప్పే. కాని మూడు నల్లచుక్కలు వస్తే నాలుగోది పసుపు. రెండు నలుపు, ఒక తెలుపు వస్తే ఆకుపచ్చ. రెండు నలుపులే వస్తే ఊదా. రెండో ఎత్తులో ఆట ముగుస్తుంది.

అయితే నూత్ చూసింది అతి చెడ్డ పరిస్థితిని. 1993లో కోయామా, లాయ్ సగటును లెక్కగట్టి, అది సుమారు 4.34 ఎత్తులకన్నా తగ్గదని తేల్చారు. వారి మార్గంలో మాత్రం అరుదుగా ఆరో ఎత్తు కావలసి వస్తుంది. పరీక్షలో ఐదు అవకాశాలే ఇస్తే నేనైతే నూత్ వెంటే వెళతాను.

ప్రశ్నను ఇలా ఎంచుకోవడం ఆటకే పరిమితం కాదు. 2020 ఏప్రిల్‌లో, కోవిడ్ పరీక్షల కిట్లు చాలని రోజుల్లో, ఐదుగురి నమూనాలను కలిపి ఒకేసారి పరీక్షించవచ్చని భారత వైద్య పరిశోధన మండలి సూచించింది. వైరస్ లేదని వస్తే ఒక్క పరీక్షతో ఐదుగురి సంగతీ తేలిపోతుంది. ఉందని వస్తే విడివిడిగా మరో ఐదు చేయాలి, మొత్తం ఆరు. జబ్బు బాగా వ్యాపించిన చోట దాదాపు ప్రతి మిశ్రమమూ ‘ఉంది’ అనే చెబుతుంది గనుక, ఈ పద్ధతిని కేసులు తక్కువగా ఉన్న ప్రాంతాలకే సిఫారసు చేశారు.