అందరూ వదిలేసిన దారి

1974. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ రాబ్సన్ పాఠం చెప్పడానికి చెక్క బంతులు సిద్ధం చేసుకుంటున్నారు. బంతి అంటే పరమాణువు. దానికి గుచ్చే పుల్ల రసాయన బంధం. కన్నాలు ఎక్కడ పడితే అక్కడ పెడితే కుదరదు. ఏ మూలకానికి ఎన్ని బంధాలు, ఏ కోణంలో ఉంటాయో అక్కడే పడాలి. అందుకని బంతుల మీద గుర్తులు పెట్టి యూనివర్సిటీ వర్క్‌షాపులో రంధ్రాలు వేయించారు. వాటిని పుల్లలతో కలిపి చూస్తుంటే ఆయనకో సంగతి తట్టింది. కన్నాలు సరైన చోట ఉంటే చాలు, బొమ్మ దానంతటదే సరైన ఆకారంలోకి వస్తోంది. మరి చెక్క బంతుల బదులు నిజమైన అణువులనే ఇలా ఒకదానికొకటి తగిలిస్తే?

ఏటా కొత్త విద్యార్థులు వచ్చేవారు, ఏటా ఆ బంతులు బయటికి తీసేవారు, ఏటా అదే ప్రశ్న. పదేళ్లు దాటాక గానీ ఆయన ప్రయోగానికి దిగలేదు. రాగి అయాన్లనూ, నాలుగు చేతులున్న ఒక కర్బన అణువునూ కలిపారు. అలాంటివి కలిస్తే కాకిగూడులా చిక్కుపడిపోతాయన్నది అప్పటి రసాయన శాస్త్రవేత్తల్లో చాలామంది నమ్మకం. కానీ వజ్రంలో మాదిరిగా వరుస తప్పకుండా పేర్చుకున్న స్ఫటికం వచ్చింది. వజ్రం లోపల గట్టిగా ఉంటుంది, దీని లోపలంతా ఖాళీ గదులు. 1989లో ఆ సంగతి అచ్చయింది.

2025 అక్టోబరు 8న ప్రకటించిన రసాయనశాస్త్ర నోబెల్‌కు మూలం ఆ గదులే. ముందురోజు భౌతికశాస్త్రానికి, అంతకు ముందురోజు వైద్యానికి ప్రకటించారు. మూడు శాస్త్రాలు, తొమ్మిది మంది. వాళ్ల పని గురించి చదువుతూ పోతే నాకు పదేపదే ఒకటే కనిపించింది. ఎవరో ఒకరు "ఇందులో ఏముంది" అని పక్కన పెట్టేసిన చోటే ఆ పనులు మొదలయ్యాయి. దాదాపు అన్నీ పాతికేళ్ల నుంచి నలభై ఏళ్ల కిందటివి. కొత్త పరిశోధన అని మనం వార్తల్లో చదివేది చాలాసార్లు ఒక మనిషి యౌవనమంతా తీసుకున్న పాత పని.

రాబ్సన్ స్ఫటికాలు తేలిగ్గా కూలిపోయేవి. ఎందుకూ పనికిరావని చాలామంది అటువైపు చూడలేదు. జపాన్‌లో సుసుము కితగావా చూశారు. పనికిరానిదాంట్లోనూ ప్రయోజనం ఉంటుందన్న చైనా తాత్వికుడు జువాంగ్‌జీ మాటను విద్యార్థి దశలో భౌతికశాస్త్రవేత్త హిదెకి యుకావా పుస్తకంలో చదివి, మనసులో పెట్టుకున్న మనిషి ఆయన. గ్రాంట్లు అడిగితే ఇవ్వలేదు, అయినా వదల్లేదు. 1997లో ఆయన బృందం చేసిన పదార్థంలోని సన్నని కాలువల్లోకి మీథేన్, నైట్రోజన్, ఆక్సిజన్ వెళ్లి, మళ్లీ బయటికి వచ్చాయి. కట్టడం చెక్కుచెదరలేదు. 1999లో రసాయన శాస్త్రవేత్త ఒమర్ యాఘీ చేసిన ఎంఓఎఫ్-5 అనే ఇలాంటి పదార్థం మరీ గట్టిది. రెండు గ్రాముల పొడి లోపలి గోడలన్నీ పరిస్తే ఫుట్‌బాల్ మైదానమంత అవుతుంది.

ఇక వైద్య నోబెల్ వెనకున్న ఎలుకల కథ. మూడింటిలో నన్ను నిలబెట్టేసింది ఇదే.

1940ల్లో అమెరికాలోని టెనెసీ రాష్ట్రం ఓక్‌రిడ్జ్‌లో, అణుబాంబు ప్రాజెక్టుతో ముడిపడిన ప్రయోగశాలలో, రేడియేషన్ ప్రభావం తెలుసుకోవడానికి ఎలుకలను పెంచేవారు. ఒక సంతతిలో కొన్ని మగ పిల్లలు పొట్టు రాలే చర్మంతో పుట్టాయి. ప్లీహం ఉబ్బేది, లింఫు గ్రంథులు వాచేవి, కొన్ని వారాల్లోనే చచ్చిపోయేవి. వాటికి స్కర్ఫీ అని పేరు పెట్టి, ఆ సంతతి తెగిపోకుండా దశాబ్దాల పాటు కాపాడుకుంటూ వచ్చారు. కంచే చేను మేస్తే ఎలా ఉంటుందో ఆ ఎలుకల ఒంట్లో అదే జరుగుతోందని తర్వాత తెలిసింది. క్రిములతో పోరాడాల్సిన టి-కణాలు సొంత అవయవాల మీదే పడుతున్నాయి.

జపాన్‌లో షిమోన్ సకగుచి వేరే వైపు నుంచి ఇదే ప్రశ్న దగ్గరికి వచ్చారు. పుట్టిన మూడో రోజున ఎలుకపిల్లకు టి-కణాలు పరిణతి చెందే థైమస్ గ్రంథి తీసేస్తే రోగనిరోధక శక్తి తగ్గాలి. కానీ అది అదుపు తప్పి సొంత ఒంటినే కొరుక్కు తినేది. ఆరోగ్యంగా ఉన్న ఎలుక టి-కణాలను ఎక్కిస్తే పిల్ల బాగుపడేది. అంటే ఆ కణాల్లో కొన్ని కాపలావాళ్లు, మిగతావాటిని అదుపులో పెట్టేవి. అణచివేసే టి-కణాలు ఉన్నాయన్న వాదం అంతకుముందే ఒకసారి లేచి, ఆధారాలు నిలవక చెడ్డపేరు తెచ్చుకుంది. చాలామంది పరిశోధకులు ఆ దారే వదిలేశారు. సకగుచి పదేళ్లకు పైగా అందులోనే నడిచి, 1995లో ఆ కణాలను గుర్తుపట్టే ఆనవాలు చూపించారు.

మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ అప్పటికి వాషింగ్టన్ రాష్ట్రంలోని బోథెల్‌లో ఒక మందుల కంపెనీలో పనిచేస్తున్నారు. స్కర్ఫీ ఎలుకలో తేడా చేసిన జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉందని తెలుసు. ఆ క్రోమోజోమ్‌లో దాదాపు 17 కోట్ల అక్షరాలు. వెతికి వెతికి 5 లక్షల అక్షరాల ముక్కకు కుదించారు. అందులో 20 జన్యువులు. ఒక్కొక్కటే మంచి ఎలుక జన్యువు పక్కన పెట్టి పోల్చారు. పంతొమ్మిది అయ్యాయి. తేడా లేదు. ఇరవయ్యోదాంట్లో, చిట్టచివరిదాంట్లో, దొరికింది. అదే ఫాక్స్‌పి3. మగపిల్లలకు పసితనంలోనే వచ్చే ఐపెక్స్ అనే అరుదైన జబ్బుకూ అదే జన్యువు కారణమని 2001లో ప్రకటించారు. కాపలా కణాల తయారీ ఆ జన్యువు చేతిలోనే ఉందని మరో రెండేళ్లకు తేలింది.

టైప్-1 మధుమేహం, లూపస్, రుమటాయిడ్ కీళ్లవాతం అన్నీ ఈ కంచె మేసే జబ్బులే. కీళ్లవాతం ఉన్న ఇళ్లలో వారానికి ఒక్కసారి వేసుకునే పసుపు మాత్ర తెలిసే ఉంటుంది, మెథోట్రెక్సేట్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీలో నడిపించిన పరిశోధనల్లోంచి, మొదట క్యాన్సర్ కోసం వచ్చిన మందు అది. లక్షల మందికి ఊరటనిస్తోంది. అయితే అది నిరోధక వ్యవస్థ దూకుడునే మొత్తంగా తగ్గిస్తుంది. కాపలా కణాలను పెంచి, తప్పు చేస్తున్నవాటినే ఆపడం ఇప్పటి ప్రయత్నం. క్యాన్సర్‌లో దీనికి తలకిందులు. కణితి ఆ కాపలావాళ్లను చుట్టూ పోగేసుకుని దాక్కుంటుంది, కాబట్టి అక్కడ వాళ్లను తప్పించాలి. ప్రయోగాలు నడుస్తున్నాయి. ఆసుపత్రిలో ఇంజెక్షన్ తీసుకుంటున్న బిడ్డ తల్లికి రేపే మందు వస్తుందని చెప్పడం మాత్రం అన్యాయం.

భౌతికశాస్త్రం సంగతి కొద్దిగా చెబుతాను. బంతిని గోడకేసి కొడితే తిరిగొస్తుంది. క్వాంటం లోకంలో ఎలక్ట్రాన్ ఒక్కోసారి గోడ అవతల తేలుతుంది. చేత్తో పట్టుకోగల వస్తువులోనూ ఇలా జరుగుతుందా? ఆంథొనీ లెగెట్ లాంటి సిద్ధాంతవేత్తలు ఈ ప్రశ్న వేసినా, బయటి రొదలో జవాబు తేలేది కాదు. 1984-85లో బర్కిలీలో జాన్ క్లార్క్, మిషెల్ డెవొరే, అప్పటికి పీహెచ్‌డీ విద్యార్థి అయిన జాన్ మార్టినిస్ సెంటీమీటరంత చిప్‌ను అతి శీతల స్థితిలో పెట్టారు. తీగల వెంట లోపలికి వచ్చే అనవసర తరంగాలను ఆపడానికి రాగి పొడి నింపిన ఫిల్టర్లు స్వయంగా తయారు చేసుకున్నారు. ఆ నిశ్శబ్దంలో కోటానుకోట్ల ఎలక్ట్రాన్ జంటలు ఒకే కణంలా గోడ దాటడం కొలవగలిగారు. అమరావతిలో నెలకొల్పుతామని 2025లో ప్రకటించిన 156 క్యూబిట్ల ఐబీఎం క్వాంటం కంప్యూటర్ వంశం అక్కడి నుంచే వచ్చింది.

మళ్లీ యాఘీ దగ్గరికి. ఆయన పదార్థాలు అరిజోనా ఎడారిలో రాత్రి గాలిలోని తేమను పట్టి, పొద్దెక్కి ఎండ తగలగానే నీళ్లుగా వదిలాయి. ఆయన 1965లో అమ్మాన్‌లో పాలస్తీనా శరణార్థుల ఇంట పుట్టారు. ఒకే గది. అందులోనే పిల్లలు, అందులోనే పశువులు. కరెంటు లేదు, కుళాయి లేదు. పదేళ్ల వయసులో, ఎప్పుడూ తాళం వేసి ఉండే బడి లైబ్రరీలోకి ఒకరోజు దొంగచాటుగా దూరారు. చేతికందిన పుస్తకం తెరిస్తే అర్థం కాని బొమ్మలు, బంతులు, పుల్లలు. అవి అణువులని తర్వాతెప్పుడో తెలిసింది.

మన పల్లెల్లోనూ కథల పుస్తకాలు, సైన్సు పుస్తకాలు హెడ్‌మాస్టరు గదిలో బీరువాలో తాళం కింద ఉండటం నేను చాలాచోట్ల చూశాను. పోతాయని, పిల్లలు చింపేస్తారని భయం. వీలు చేసుకుని మీ ఊరి బడికి వెళ్లండి. ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోండి. మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టగానే బీరువా తెరిచి పెట్టమని అడగండి.