మాత్రయు మాత్రాజ్ఞానమును



నేను వైద్యుడను గాను. కొండాపురము ప్రాంతపు బడులలో ముప్పదియైదు సంవత్సరములు తెలుగు వ్యాకరణమును, ఛందస్సును బోధించి విరమించిన ఉపాధ్యాయుడను. ఆసుపత్రులలో పనిచేయువారికి మందులనుగూర్చి చెప్పుటకు వీనికేమి అధికారమని మీరు తలంపవచ్చును. ఆ అధికారము నాకు నా తప్పువలన సంక్రమించినది. కావున మొదట ఆ తప్పునే విన్నవించుకొందును.

మాది మెట్టసీమ. ఉదయగిరి, ఆత్మకూరు వైపుల పల్లెలు చాలవఱకు వానను, చెఱువును నమ్ముకొని బ్రదుకునవి. జ్వరము తగిలి పట్టణమునకు పోయినచో కూలివానికి ఒక దినపు కూలి పోవును. అందుచేత మా ఇంట వాడగా మిగిలిన మాత్రలను నేనొక డబ్బాలో దాచి, దగ్గు వచ్చినవారికిని, పడిసెము పట్టినవారికిని రెండేసి చొప్పున ఇచ్చుచుంటిని. "అయ్యవారి చేతి మాత్ర" యని వారు కన్నుల కద్దుకొని మ్రింగెడివారు. నేనును దానిని పుణ్యకార్యముగనే యెంచితిని.

కొంతకాలము క్రిందట నా భార్యకు చలిజ్వరము వచ్చి, మూత్రమునందు మంట పుట్టెను. డబ్బాలోని మాత్రలు మూడు దినము లిచ్చితిని. జ్వరము తగ్గెను, మాత్రలు మానిపించితిని. నెల తిరుగకమునుపే జ్వరము మఱల వచ్చెను, మఱల ఇచ్చితిని. మూడవసారి ఆమె మాట తడబడి, ఒడలు చల్లబడుచుండగా పట్టణములోని యొక ఆసుపత్రికి చేర్చితిమి. వైద్యుడు సూదిమందు వ్రాసెను. నర్సు పనిచేయు అమ్మాయి మందెక్కింపక, ముందుగా నెత్తురును, మూత్రమును సీసాలలోనికి తీయసాగెను.

నేను కోపము పట్టలేక, "అమ్మా! మనిషి ఇట్లు మూలుగుచుండగా ఈ జాగేమి?" అంటిని.

"అయ్యవారూ, రెండు నిమిషములు ఓర్చుకొనుడు. మందు పడిన తరువాత తీసినచో క్రిమి చిక్కక పోవచ్చును. దొంగ యెవడో తెలియకున్న ఎవరిని పట్టుదుము?" అని ఆమె తన పని ముగించి, వెంటనే మందెక్కించెను.

మూడవనాడు పరీక్షశాలనుండి కాగిత మొకటి వచ్చెను. అందు పదునాలుగు మందుల పేర్లు. వానిలో పదింటి యెదుట 'ఆర్' అను అక్షరము. నేను జీవితమంతయు మార్కుల పట్టీలు వ్రాసినవాడను. ఆ పట్టీలో పది పరీక్షలు నెగ్గినది క్రిమి; ఓడినది మందు. "ఇంతకుముందు ఏమేమి వాడినారు?" అని వైద్యుడు శాంతముగ నడిగెను. నేను డబ్బా సంగతి చెప్పితిని. ఆయన ఏమియు ననక వ్రాసికొనెను. మిగిలిన నాలుగింటిలో ఒకటి పనిచేసినది. నా భార్య బ్రదికినది. కాని ఆ కాగితము నన్ను మరల విద్యార్థిని గావించినది. నేను నేర్చుకొన్నది మీకు నివేదింతును.

యాంటీబయాటిక్కు లనునవి బాక్టీరియా లను సూక్ష్మజీవులను చంపును, లేదా వాని వృద్ధిని నిలుపును. వైరసులపై వాని కేమియు శక్తి లేదు. పడిసెము, ఫ్లూ జ్వరము, డెంగ్యూ మొదలగునవి వైరసుల వలన వచ్చునవి. కావున నేను పంచిన మాత్రలలో పెక్కు లేని శత్రువుపై ప్రయోగింపబడినవే. అవి వ్యర్థమై ఊరకున్నను బాగుండెడిది, కాని ఊరకుండలేదు. మన ప్రేగులలోను, చర్మముపైనను హాని చేయని బాక్టీరియాలు కోట్లకొలదిగ నుండును. ఆ దెబ్బ వానికి తగులును.

శరీరము మందునకు అలవాటు పడునని పలువురు చెప్పుదురు. అది పొరపాటు. మారునది మనిషి గాదు, క్రిమి. ఈ.కోలై అను బాక్టీరియా అనుకూల పరిస్థితులలో ఇంచుమించు ఇరువది నిమిషముల కొకసారి రెండుగ చీలును. అట్టి లెక్కలేని సంతతిలో ఏ యొకదానికో జన్మతః చిన్న మార్పు కలుగును. మందు తక్కినవానిని చంపగా, ఆ మార్పు గలది మిగిలి, తానే చేనంతయు నాక్రమించును. పైరును కోసి కలుపును విడిచినట్లగును.

ఆ మార్పులు నాలుగు తెఱగులు. కొన్ని క్రిములు మందును ముక్కలు చేయు ఎంజైములను పుట్టించును. కొన్ని లోనికి వచ్చిన మందును, ఏతాముతో నీరు తోడినట్లు, వెలికి తోడివేయును. కొన్ని మందు ప్రవేశించు ద్వారములను మూసికొనును. కొన్ని మందు తగులవలసిన చోటునే మార్చుకొనును. అంతేగాక, ప్లాస్మిడ్ అను చిన్న జన్యువలయము ద్వారా ఈ విద్యను వేఱు జాతి బాక్టీరియాకు సైతము అందజేయును. న్యూఢిల్లీలో చికిత్స పొంది స్వీడనుకు చేరిన యొక రోగియందు 2008లో బయలుపడిన ఎన్.డి.ఎం.-1 అను ఎంజైము, పెద్ద ఆసుపత్రులు కడపటికై దాచుకొను కార్బపెనెము మందులను గూడ ఛేదించునట్టిది.

ఇది నిన్న మొన్న తెలిసిన సంగతి గాదు. 1928లో పెన్సిలినును కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగు, చాలీచాలని మోతాదు క్రిములను మందునకు లొంగనివానిగ జేయునని 1945లో తన నోబెల్ ఉపన్యాసమునందే హెచ్చరించెను. 1895లో భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు నాయకులై యుండగా, అచ్చట బెంజమిన్ డగ్గర్ అను పండితుడు మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసినును సాధించెను. టెట్రాసైక్లిను తెగలో అదియే మొదటిది. అది 1948లో లోకమునకు వెల్లడియైనది. ఆ యేడే సుబ్బారావుగారు గతించిరి. 1953 నాటికే ఆ తెగకు లొంగని రక్తవిరేచనముల క్రిమి కనబడెను. మహనీయులు ఆయువు ధారపోసి ఆర్జించిన ధనము అయిదేండ్లలో తఱుగ నారంభించినది. 2019లో లొంగని బాక్టీరియాల వలననే నేరుగ కలిగిన మరణములు లోకమున 12 లక్షల 70 వేలని, 2022లో ప్రకటితమైన అంతర్జాతీయ పరిశోధన అంచనా కట్టినది.

ఇక ఆసుపత్రి మాట. మా చెఱువు తూమును ఒకడు నిష్కారణముగ తెఱచి విడిచినచో పోవునది వాని నీరు గాదు, ఊరి నీరు. మందుల శక్తియు అట్టిదే. రోగులందఱు చేరుచోటు, మందులన్నియు వాడుచోటు ఆసుపత్రి. కావున ఆ తూము కావలి ముఖ్యముగ మీది. కావలి వైద్యు నొక్కనిది మాత్రమే గాదు.

వైద్యుడు మొదట యోచింపవలసినది, ఇది బాక్టీరియా రోగమా, కాదా యని. వీలైనంతవఱకు మందునకు ముందే పరీక్షకు నెత్తురో, మూత్రమో తీయించవలెను. విషజ్వరము ముదిరి ప్రాణాపాయమైనపుడు ఫలితముకొఱకు వేచియుండరాదు. మందు వెంటనే పడవలెను. కాని రెండు మూడు దినములకు ఆ మందును మరల విచారించి, తగిన చిన్న మందునకు మార్చుటయో, సూదినుండి మాత్రకు దింపుటయో, మానుటయో చేయవలెను. శస్త్రచికిత్సలో ముందు జాగ్రత్తకై ఇచ్చు మందు సాధారణముగ కోతకు ముందు గంటలోపల ఒక్క మోతాదు చాలును. తరువాత దినములకొలది సాగించుటవలన మేలు లేదు. ఎక్కువ దినములు వాడుటయే క్షేమమను పూర్వపు తలంపు సైతము సడలినది. పెక్కు రోగములకు తక్కువ దినములే చాలునని ఇటీవలి పరిశోధనలు తేల్చినవి. ఎన్ని దినములో నిర్ణయింపవలసినవాడు వైద్యుడు; నావలె డబ్బా గలవాడు గాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ఈ మందులను మూడు వర్గములుగ విభజించినది: సామాన్యముగ వాడదగినవి, కనిపెట్టి వాడవలసినవి, కడపటికై దాచవలసినవి. ఈ పట్టిక ప్రతి వార్డు గోడపై నుండుట మంచిది.

నర్సు సోదరీమణులు వేళ తప్పక మోతాదు లిచ్చుచున్నప్పుడే నెత్తురులో మందు తగినంత నిలుచును. మూత్రపు గొట్టము, చేతి సూది నేడు కూడ అవసరమా యని దినదినము అడుగుడు; అనవసరమైన గొట్టము క్రిమికి రాజమార్గము. పరీక్షశాలవారు కాగితమును ఎంత త్వరగా అందించినచో అంత త్వరగా పెద్ద మందు మానును. మందులిచ్చువారు 2014 మార్చి 1 నుండి అమలులోనున్న హెచ్-1 పట్టికలోని మందులకు, వ్రాసిన వైద్యుని పేరును, రోగి పేరును, పరిమాణమును పుస్తకమున వ్రాసి మూడేండ్లు భద్రపఱుపవలెను. చీటి లేనిదే అట్టి మందు ఈయరాదు. అట్టపై ఎఱ్ఱగీత అందులకే గలదు.

మిగిలిన మందును కాలువలో పోయరాదు. హైదరాబాదు చెంత పటాన్‌చెరువులో మందుల కర్మాగారముల మురుగును శుద్ధిచేయు కేంద్రమునుండి వెలువడు నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ లీటరుకు 31 మిల్లీగ్రాములవఱకు ఉన్నదని 2007లో ప్రకటింపబడినది. ఆ మందు తినుచున్న రోగి నెత్తురులో నుండుదానికంటె అది యెక్కువ! అట్టి నీటిలో క్రిములు ఏమి నేర్చునో చెప్పనక్కఱలేదు.

అన్నిటికంటె చౌకయైన మందు సబ్బును, నీరును. 1847లో వియన్నాలో సెమ్మెల్వైస్ అను వైద్యుడు ప్రసవశాలలో చేతులు క్రిమిహరముగ కడిగించి బాలింతల మరణములను మిక్కిలి తగ్గించెను. ఒక మంచమునుండి మఱియొక మంచమునకు క్రిమి నడచిపోదు. సాధారణముగ మన చేతులు పట్టుకొని పోవును. గది తుడుచు అమ్మ మొదలు పెద్ద వైద్యునివఱకు ఈ ధర్మము సమానము.

నా డబ్బా ఇప్పుడు లేదు. ఇరుగుపొరుగు వారిప్పటికిని వత్తురు. వారికి మాత్రకు బదులు చీటి వ్రాసి యిచ్చుచున్నాను: ఇంతకుముందు ఏ మందు, ఎన్ని దినములు వాడినారో అందుండును. మీ యొద్దకు అట్టి చీటి వచ్చినచో దయతో చదువుడు. రానిచో మీరే అడుగుడు. ఆనాడు ఆ వైద్యుడు నన్నడిగినట్లు, కోపము లేక అడిగినచో మావంటివారు నిజము చెప్పుదురు.

కడపట నా పాఠములోని మాట యొకటి. మాత్ర యను సంస్కృతశబ్దమునకు కొలత యని యర్థము. ఛందస్సులో లఘువునకు ఒక మాత్ర, గురువునకు రెండు. కొలత తప్పినచో పద్యము చెడును, దానిని దిద్దవచ్చును. మందుగుళికకును మనవారు మాత్ర యనియే పేరిడిరి. ముప్పదియైదేండ్లు ఆ శబ్దమును బోధించి, దాని యర్థమును నేను ఆసుపత్రి మంచము ప్రక్కన నేర్చుకొంటిని. ఇచ్చట కొలత తప్పినచో దిద్దుట దుర్లభము.