కాలువ గట్టున గుర్రపు డెక్కలు

ధవళేశ్వరంలో కాటన్ దొర విగ్రహం గుర్రం మీదే కనిపిస్తుంది. దండ వేసేవాళ్లంతా దొరను చూస్తారు. నా చూపు మాత్రం చిన్నప్పటి నుంచీ ఆ గుర్రం మీదే. గోదావరి మీద ఆయన కట్టించిన ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. ఆ పనులనూ, వాటి వెంట పుట్టిన కాలువలనూ చూసి రావడానికి అప్పట్లో జీపులా, మోటారు సైకిళ్లా? గుర్రమో, పడవో, కాకుంటే సొంత కాళ్లో.

విజ్జేశ్వరం దగ్గర గోదావరిని విడిచిన పశ్చిమ డెల్టా కాలువ పాయలు పాయలుగా చీలి ఏలూరుకీ, నరసాపురానికీ, అత్తిలికీ పోతుంది. ప్రతి పాయకీ గట్టుంది, గట్టు మీద బాట ఉంది. రైలూ లారీ రాకముందు ఈ కాలువలే మన రోడ్లు. ఇంగ్లండులో కాలువ పడవల్ని గుర్రాలు లాగేవి, అందుకే అక్కడి గట్ల మీద వాటికి బాటలు వేశారు. మన దగ్గర తాడు భుజాన వేసుకుని మనుషులే లాగారు. ఆ కాళ్లు తొక్కి గట్టిచేసిన దారి ఇప్పటికీ ఉంది. స్వారీ సరదా ఉన్న మా తణుకు కుర్రాళ్లు హైదరాబాదు వైపు చూస్తారు. నేర్చుకోవడానికి అక్కడ స్వారీ క్లబ్బులున్నాయి. తిరగడానికి మాత్రం మన గట్టును మించిన చోటు లేదని నా గట్టి నమ్మకం.

సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా గట్టు మీద స్వారీకి అదను. తెల్లవారుజామున మంచు ఇంకా వీడదు, దాళ్వా నాట్లు పచ్చబడుతుంటాయి. తణుకు దాటి వేల్పూరు దిక్కుగా గట్టెక్కితే ఒక పక్క నీళ్లు, ఒక పక్క చేలు, నడుమ కొబ్బరి నీడలు. మామూలు నడకలో గుర్రం గంటకు ఆరేడు కిలోమీటర్లు పోతుంది. అంత చాలు. గట్టు మీద దౌడు తీయించకండి. ఎదురుగా గేదెల మందో, తల మీద గడ్డిమోపుతో ఏ అమ్మో వస్తుంది. వానాకాలం అసలే వద్దు. నల్లరేగడి నానితే గుర్రం కాలు జారుతుంది, డెక్క సందులో బురద నిలిచి కుళ్లు పడుతుంది. జోరీగలు ముసిరితే సర్రా జబ్బు భయం. గట్లు పట్టుకుని పడమరకి పోతే కొల్లేరు వస్తుంది. 1999 నుంచి అది అభయారణ్యం. అక్కడి పక్షుల జోలికి గుర్రంతో పోవద్దు.

మా చిన్నప్పుడు తణుకు స్టేషను బయట జట్కాలుండేవి. ఎక్కగానే జట్కా అతను ఒకే మాట అనేవాడు: “కాస్త ముందుకి జరగండమ్మా, బండి వెనక్కి తూగుతోంది.” వెనక బరువు ఎక్కువైతే ముందు నొగలు పైకి లేస్తాయి, గుర్రం పొట్ట కింది పట్టీ బిగుసుకుంటుంది. మనం సుఖంగా కూర్చుంటే చాలదు, దానికి సుఖంగా ఉందా అని చూసేవాడు ఆయన. స్వారీ నేర్పేవాళ్లు చెప్పే లెక్క కూడా ఇలాంటిదే. మనిషి, జీను కలిపి గుర్రం బరువులో అయిదో వంతు మించకూడదు. 350 కిలోల గుర్రమైతే 70 కిలోలన్నమాట. బొద్దుగా ఉన్నవాళ్లు దీన్ని అవమానంగా తీసుకోవద్దు, పెద్ద గుర్రాన్ని వెతుక్కోవాలంతే.

ఆటోలు వచ్చాక జట్కాలు పోయాయి. వాటితో పాటు లాడాలు కొట్టేవాళ్లు, జీనులు కుట్టేవాళ్లు కూడా పోయారు. నాకు ఇదే ఎక్కువ బాధ. డెక్క నెలకు సుమారు సెంటీమీటరు పెరుగుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చెక్కి, లాడం మార్చాలి. ఆ పని వచ్చిన చెయ్యి ఊళ్లో లేకపోతే గుర్రాన్ని కొనడం పాపమే. గుర్రానికి వాంతి రాదు. తేడా చేసిన దాణా లోపలే ఉండిపోయి కడుపునొప్పితో ప్రాణం తీయగలదు. రోజుకు ముప్ఫై లీటర్ల దాకా నీళ్లు తాగుతుంది, మన ఉక్కలో ఇంకా ఎక్కువ. ఉలవలు మనకి చారు. వాటిని ఇంగ్లీషువాడు గుర్రం పేరుతోనే పిలిచాడు, ఉడికించిన గుగ్గిళ్లు దాని మేతే కాబట్టి.

ఇప్పుడు మన వైపు గుర్రం కనబడేది పెళ్లి ఊరేగింపులోనే. బ్యాండు మోతలో, లైట్ల వేడిలో అది నిలబడి ఉంటే దాని చెవులు చూడండి. వెనక్కి వాలి ఉంటాయి. అదే గుర్రాన్ని ఓ ఉదయం గట్టు మీదికి తెస్తే కాసేపటికి చెవులు ముందుకు తిరుగుతాయి. చేలలో కొంగ లేస్తే అటు, మోటారు చప్పుడైతే ఇటు. పదహారో నంబరు జాతీయ రహదారి అడ్డొస్తే మాత్రం దిగండి. కళ్లెం దగ్గర పట్టుకుని, లారీలు ఆగాక, నడిపించుకునే దాటండి.

ఎండ ఎక్కక ముందే వెనక్కి తిరగాలి. దారిలో ఏదైనా రేవు దగ్గర, మెట్లు లేని ఏటవాలు చోటు చూసి, దిగి పగ్గం వదులు చేస్తే, ముందు కాళ్లు నీళ్లలో పెట్టి, ముక్కుతో పైనున్న నాచు తోసుకుని, చాలాసేపు తాగుతుంది.