సాలెపట్టు – రైతు లాభము

సాలెపురుగు దారము సమానమైన బరువుగల ఉక్కుతీగకంటె బలమైనది. ఐనను సాలెపురుగులు ఒకదానినొకటి తినును గనుక వానిని పట్టుపురుగులవలె పెంచుట పొసగదు. అందుచే కంపెనీలు మూడు మార్గములు త్రొక్కినవి.

కెనడాలోని నెక్సియా మేకపాలనుండి ఆ దారపు మాంసకృత్తును తీయజూచెను, వ్యాపారము నిలువలేదు. 2007లో జపానున వెలసిన స్పైబర్ చక్కెరను సూక్ష్మజీవులచే పులియబెట్టించి అట్టి మాంసకృత్తును చేసెను. అమెరికాలోని క్రెయిగ్ సాలెపురుగు జన్యువును పట్టుపురుగులోనే చేర్చెను.

చక్కెరమార్గము గెలిచిన చెరకు రైతునకు, పురుగుమార్గము గెలిచిన హిందూపురపు మల్బరీ రైతునకు లాభము కలుగవచ్చును. కాని ఆ పురుగుగ్రుడ్లపై హక్కు కంపెనీదే. 2002లో అనుమతిపొందిన బీటీ ప్రత్తి విత్తనములను ఏటేట కొనుచున్న పొదిలి రైతులకు ఇట్టిది క్రొత్తగాదు. కావున దారము బలముకంటె ముందుగా గ్రుడ్ల ధరను, హక్కును విచారింపవలెనని మా మనవి.